పదో తరగతి తర్వాత చరిత్ర

ఇంజనీరింగ్ బాట పట్టిన మనవాళ్లలో చాలామందికి చరిత్ర పదో తరగతి పరీక్షతోనే సరి. సోషల్‌లో మార్కులొచ్చాయి, పుస్తకం పాత పేపర్లవాడి తక్కెడెక్కింది. ఆ తర్వాత ఎంసెట్, ఎంఎస్, వీసా. చదివే తీరిక లేదనడం వట్టి సాకు. కాలిఫోర్నియాలోని మా శాన్ రామన్‌లో శనివారం విందులకు వెళితే ఇళ్ల ధరల గురించి మూడు గంటలు మాట్లాడుకునే తీరిక అందరికీ ఉంటుంది, నాతో సహా.

దరిశి చెంచయ్య గారి ఆత్మకథ ‘నేనూ నా దేశం’ కాలేజీ రోజుల్లో చదివాను. చదువుకోసం అమెరికా వచ్చి, కాలిఫోర్నియాలో బ్రిటిష్ పాలనపై తిరుగుబాటుకు పూనుకున్న గదర్ పార్టీలో చేరి, జైలుపాలైన తెలుగువాడు. విప్లవం ఉన్న పేజీలే ఆత్రంగా తిప్పేశాను. గ్రీన్‌కార్డు వరుసలో ఏళ్లతరబడి నిలబడ్డాక మళ్లీ తీస్తే, పరాయి దేశంలో కాగితాల మీద బతికే కుర్రాడే ముందు కనిపించాడు. పుస్తకం అదే, చదివే వయసు వేరు.

అప్పటినుంచి ఏది చదివినా ఒక నోటుబుక్కులో ఎక్కిస్తున్నాను. ఏడాది వేసి ఎడమవైపు మన ఊళ్ల సంగతి, కుడివైపు ఇక్కడిది. 1913: ఎడమన బాపట్లలో తొలి ఆంధ్ర మహాసభ. కుడిన శాన్‌ఫ్రాన్సిస్కోలో నవంబరు 1న ‘గదర్’ పత్రిక తొలి సంచిక. పౌరసత్వానికి అర్హత లేని విదేశీయులు సాగుభూమి కొనకూడదని కాలిఫోర్నియా చేసిన చట్టం. 1923లో భగత్‌సింగ్ థిండ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు భారతీయులు తెల్లవాళ్లు కారు, పౌరులు కాలేరు అని తేల్చేసింది. దాంతో ఆ భూమి చట్టం మనవాళ్ల మెడకూ చుట్టుకుంది.

ఇక 1946 పేజీ. జులై 2న అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ సంతకంతో భారతీయులకు పౌరసత్వం దక్కే దారి తెరుచుకుంది, వలసకు మాత్రం ఏడాదికి వందమందే. రెండు రోజులకు, జులై 4న, తెలంగాణలోని కడవెండిలో, దొరల దౌర్జన్యంపై సాగిన రైతుల పోరాటంలో, దేశ్‌ముఖ్ మనుషుల తూటాలకు దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. ఈ రెండు తేదీల్నీ పక్కపక్కన ఏ పాఠ్యపుస్తకమూ నాకు చూపలేదు. పరీక్షకు రాదు కదా!

మనం విందుల్లో మాట్లాడుకునే ఇళ్ల కబుర్లకు పూర్వకథ ఇది. ఈసారి ధరల మాట వచ్చినప్పుడు 1913 చట్టం సంగతీ ఎత్తండి. వీలైన ఆదివారం శాన్ రామన్ పక్కనే ఉన్న డబ్లిన్‌లో బార్ట్ రైలెక్కి, శాన్‌ఫ్రాన్సిస్కో వుడ్ స్ట్రీట్‌లోని గదర్ స్మారక భవనం దాకా పిల్లల్ని తీసుకెళ్లండి. లోపలికి రానిస్తారో లేదో ముందే కనుక్కుని బయలుదేరండి.