పాత పట్టుకు కొత్త కుట్టు

అమీర్‌పేట మెట్రో స్టేషన్ దిగి సత్యం థియేటర్ రోడ్డు పట్టినా, ఇటు పంజాగుట్ట చౌరస్తా దాకా నడిచినా చీరల షోరూములు వరసగా పలకరిస్తాయి. ఆషాఢం సేల్ వచ్చిందంటే ఫుట్‌పాత్ మీద కాలు మోపే సందుండదు. ఆ పెద్ద దుకాణాల వెనక గల్లీల్లో ఫాల్, పికో, కుచ్చులు, పాలిష్ అని రాసిన చిన్న బోర్డుల కింద మిషన్లు ఆడుతుంటాయి. కొత్త చీరకు ఫాల్ కుట్టే చేతులే అమ్మ పెళ్లినాటి పట్టుచీరను కూతురికి లంగాగా, చిరిగిన పట్టు దుపట్టాను జాకెట్టుగా మలుస్తాయి.

పట్టుబట్ట అన్నిచోట్లా ఒకేసారి పాడవదు. పాత చీరకు మళ్లీ వాడుక తెచ్చే పనికంతా ఇదే ఆధారం. ఎండ, చెమట పట్టుదారాన్ని బలహీనపరుస్తాయి. ఏళ్ల తరబడి ఒకే మడత మీద ఉంచితే ఆ గీత వెంబడే దారాలు తెగుతాయి. బరువైన జరీ పక్కనున్న పలుచని పట్టును లాగేస్తుంది. కానీ వెలుతురు తగలని లోపలి చెంగు, దట్టంగా నేసిన అంచు చాలా చీరల్లో గట్టిగానే మిగులుతాయి.

కత్తెర పట్టే ముందు చీరను వెలుతురుకు ఎదురుగా పట్టి చూడాలి. పడుగు వైపు ఒకసారి, పేక వైపు ఒకసారి మెల్లగా లాగాలి. పర్రుమని విచ్చితే ఆ భాగం ఒంటిమీద బట్టకు పనికిరాదు.

చిరుగు చిన్నదైతే రఫూ చాలు. రఫూ చేసేవారు అదే చీర లోపలి చెంగు నుంచి దారాలు తీసి, నేత ఎలా సాగిందో సూదితో అలాగే అల్లుతారు. ఎంత వెతికి తెచ్చినా కొత్త దారం రంగు కాస్త తేడాగానే కనిపిస్తుంది. చీరతోపాటే వెలిసిన దారం మాత్రం నేతలో కలిసిపోతుంది.

ఒళ్లంతా నలిగిన చీరకు దారి వేరు. గద్వాల చీరనే తీసుకుంటే ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. ఈ రెంటినీ మగ్గం మీదే దారానికి దారం మెలేసి కలుపుతారు. నేతగాళ్లు దీన్ని కుప్పడం అంటారు. నూలు చివికిపోయినా పట్టు అంచు నిలుస్తుంది. ఆ అంచును విడదీసేటప్పుడు సరిగ్గా కలిసిన గీత మీద కోస్తే నేత ఊడిపోతుంది. అర అంగుళం ఒంటిబట్ట వదిలి కోస్తే అదే కుట్టులోకి పోతుంది. ఆపైన మ్యాచింగ్ సెంటర్‌లో రంగు చూసి తెచ్చిన కొత్త బట్టకు అతికించుకోవచ్చు.

పట్టులంగాలో ఇంకో ఉపాయం ఉంది. చీర పన్నాను లంగా పొడవుగా తిప్పితే అంచు దానంతటదే పాదాల దగ్గరికి వస్తుంది. మడతల దగ్గర చిరిగిన చోట్లు కుచ్చుల్లో దాగుతాయి. పన్నాలో మిగిలిన బట్టను కోసేయకుండా లోపలికి మడత వేసి కుడతారు. పిల్ల ఎదిగేకొద్దీ ఒక్కో మడత విప్పుతారు.

పాతపట్టుకు అస్తరు తప్పనిసరి. నూలు లైనింగును ముందే నీళ్లలో నానబెట్టి ఆరేయాలి, లేకపోతే తర్వాత కుంచించుకుపోయి పట్టును లాగుతుంది. సూది సన్నగా, కుట్టు కాస్త దూరంగా ఉండాలి. దగ్గర కుట్టు పడితే రంధ్రాల వరస వెంబడే బట్ట చిరుగుతుంది. స్కార్ఫులు, దుపట్టాల్లాంటి పలుచని పట్టుకు వెనక ఫ్యూజింగ్ అతికిస్తే పొట్లీ సంచులకు, దిండు గలీబులకు పనికొస్తుంది. మరీ చిన్న ముక్కలు దేవుడి పీట మీదికి, బొమ్మల కొలువు మెట్ల మీదికి వెళ్తాయి.

జపాన్‌లో కిమోనోను ఒకే సన్నని తాను నుంచి నిలువు ముక్కలుగా కోసి కుడతారు. అందుకే కుట్లు విప్పి, ఉతికి, ముక్కల చోటు మార్చి మళ్లీ కుట్టుకునే వీలుంటుంది. చీరకు అసలు కత్తెరే పడదు. ఐదున్నర మీటర్ల బట్ట చెక్కుచెదరకుండా తర్వాతి తరం చేతికి వస్తుంది.

ఈ పనికి పోటీగా నిలిచేది పాత జరీ వ్యాపారం. అసలైన జరీలో పట్టుదారం చుట్టూ వెండి తీగ ఉంటుంది, దానిమీద బంగారు పూత. కొనేవారు జరీని గీకి చూసి, వెండి ఉందనుకుంటే ధర చెబుతారు. తర్వాత అంచును కాల్చి వెండి తీస్తారు. మగ్గం మీద పడ్డ శ్రమకు ఆ తూకంలో లెక్క లేదు. డబ్బు అవసరమై అమ్మేవారిని తప్పుపట్టలేం. బీరువాలో చోటు కోసం అమ్మాలనుకునేవారు మాత్రం ముందు ఆ చీరను ఒక మంచి టైలరుకు చూపించాలి. గట్టిగా ఉన్న అంచు ఒక లంగాకు, అది పాతబడ్డాక ఒక దుపట్టాకు, ఆ తర్వాత ఒక జాకెట్టు చేతులకు సరిపోతుంది.