ప్రశ్న చెరిపేసిన కథనం

పిల్లల వాంగ్మూలాన్ని వాళ్లు చెప్పినట్టుగానే రాసుకోవాలంటుంది పోక్సో చట్టం (2012) 26వ సెక్షన్. సాహిత్య పరిశోధకురాలిగా నాకు ఆ 'చెప్పినట్టుగానే' దగ్గరే పేచీ. పోలీసు వాంగ్మూలం మామూలుగా ఉత్తమ పురుషలో నడిచే కథనం. 'నేను ఇంట్లో ఉండగా' అంటూ సాగిపోతుంది. అడిగిన ప్రశ్న ఎక్కడా కనపడదు. పాప తనంతట తాను చెప్పిందా, ఎవరైనా చెప్పించారా అన్నది ఇక ఎలా తేలుతుంది?

మన భాషలో 'కదా' ఉంది చూడండి, చాలా ప్రమాదకరమైన మాట. 'ఏమైందో చెప్పమ్మా' అంటే కథ పాపదే. 'మామయ్య ముట్టుకున్నాడు కదా?' అంటే కథ అడిగినవాళ్లదైపోతుంది. పెద్దవాళ్లకు ఎదురుచెప్పకూడదని పెంచిన పిల్ల (ఆడపిల్లల్ని మరీ అలాగే పెంచుతాం) 'ఊఁ' అంటుంది. అడిగిందే మళ్లీ అడిగితే మొదట చెప్పింది తప్పేమోననుకుని జవాబు మార్చేయవచ్చు కూడా. రేపు డిఫెన్సు లాయరు పట్టుకునేది ఆ మార్పునే.

నేరానికి సంబంధించిన క్రాస్ ప్రశ్నల్ని రాసి జడ్జికివ్వమంది సుప్రీంకోర్టు, సాక్షి కేసులో (2004). పోక్సో 33వ సెక్షన్ జడ్జి ద్వారానే అడగమంది. కోర్టులో ప్రశ్న మీద ఇంత కాపలా. మరి దర్యాప్తులో? వీలైనచోట ఆడియో, వీడియో రికార్డు చేయమంటుంది 26వ సెక్షన్. ఆ 'వీలైనచోట'ను తీసేయాలి. పాప జవాబుతోపాటు మన ప్రశ్నా, మధ్యలో ఆమె మౌనమూ ఫైల్లో ఉండాలి.