పాపం పియెరో: ఎమిల్ రేనో కదిలే బొమ్మలను ఎలా చూడాలి?

గత పాఠంలో మీరు కొన్ని పరికరాల పేర్లు వరుసగా చదివారు. 1832లో ఫెనాకిస్టిస్కోప్, 1834లో జోట్రోప్, 1877లో ప్రాక్సినోస్కోప్, చివరికి 1895 డిసెంబరు 28న పారిస్‌లో లూమియేర్ సోదరుల సినిమా ప్రదర్శన. ఈ వరుస గుర్తుపెట్టుకోవడం తేలిక. పరీక్షలో రాస్తే మార్కులు కూడా వస్తాయి. కాని విమర్శ దృష్టితో చూస్తే ఇందులో ఒక చిక్కు ఉంది. ప్రతి పరికరాన్నీ తర్వాత వచ్చినదానికి మెట్టుగానే చూస్తాం. దానిలో ఏముందో అడగం, ఏం లేదో మాత్రమే లెక్కిస్తాం. ఈ చూపు వల్ల బాగా నష్టపోయినవాడు ఫ్రెంచి కళాకారుడు ఎమిల్ రేనో. అందుకే ఈ పాఠంలో పరికరాల జాబితాను పక్కన పెట్టి, ఆయన చేసిన ఒక్క బొమ్మల కథను దగ్గరగా చూద్దాం. దాని పేరు ‘పోవ్ర్ పియెరో’. అంటే ‘పాపం పియెరో’ అని అర్థం.

ముందుగా పరికరం సంగతి. రేనో తొలి ఆవిష్కరణ ప్రాక్సినోస్కోప్‌లో పన్నెండు బొమ్మలున్న కాగితపు పట్టీ ఒక డప్పాలో గుండ్రంగా తిరుగుతుంది, మధ్యలోని అద్దాలలో దాని ప్రతిబింబం కదులుతూ కనిపిస్తుంది. పన్నెండు బొమ్మలూ అయిపోగానే మళ్ళీ మొదటిదే వస్తుంది. తాడాట ఆడే పిల్ల ఆడుతూనే ఉంటుంది. అందులో చలనం ఉంది గాని కథ లేదు, ఎందుకంటే కథకు ముగింపు కావాలి. రేనో 1888లో పేటెంటు పొందిన ‘తెయాత్ర్ ఆప్టిక్’ ఈ వలయాన్ని తెంచింది. జెలటిన్ పలకల మీద ఒక్కొక్క బొమ్మనూ చేత్తో రంగులు వేసి గీసి, వాటిని పొడవాటి పట్టీగా కూర్చాడు. బొమ్మకూ బొమ్మకూ మధ్య ఒక రంధ్రం ఉంటుంది. చక్రం మీది మేకులు ఆ రంధ్రాలలో పడి పట్టీని లాగుతాయి. దీపపు వెలుగు బొమ్మగుండా పోయి, అద్దాల మీద పడి, తెర వెనుక నుంచి తెర మీదకు వస్తుంది. నేపథ్య దృశ్యాన్ని మరో లాంతరు విడిగా వేస్తుంది. తెర వెనుక వెలుగు, రంగు బొమ్మలు అనగానే మీకు తోలుబొమ్మలాట గుర్తుకు రావచ్చు. పోలిక కొంతవరకే సరిపోతుంది. తోలుబొమ్మను కదిలించేది ఆడించేవాడి చెయ్యి. ఇక్కడ చలనాన్ని ముందుగానే, బొమ్మ తర్వాత బొమ్మగా గీసి ఉంచారు.

1892 అక్టోబరు 28న పారిస్‌లోని మ్యూజే గ్రెవాన్ అనే మైనపు బొమ్మల ప్రదర్శనశాలలో ‘పాపం పియెరో’ ప్రజల ముందుకు వచ్చింది. గాస్తోన్ పొలాన్ దీనికి సంగీతం సమకూర్చాడు. కథ చిన్నది. రాత్రివేళ కొలంబీన్ ఇంటి ఆవరణలోకి ఆర్లెకాన్ గోడ దూకి వస్తాడు. ఇద్దరూ కలుసుకుంటారు. ఇంతలో పియెరో కూడా ఆమెను వెతుక్కుంటూ వస్తాడు. ఆర్లెకాన్ దాక్కుంటాడు. పియెరో పాట మొదలుపెడితే, వీడు చాటు నుంచి కర్రతో పొడిచి బెదిరిస్తాడు. పియెరో హడలిపోతాడు.

ఇప్పుడు ఒక చిన్న లెక్క వేయండి. ఈ పట్టీలో ఉన్నవి 500 బొమ్మలు. సెకనుకు పన్నెండు చొప్పున తిప్పితే నలభై రెండు సెకన్లలో అయిపోవాలి. కాని ప్రదర్శన దాదాపు పావుగంట నడిచేది. మిగిలిన సమయం ఎక్కడి నుంచి వచ్చింది? రేనో చేతుల నుంచి. ఆయన పట్టీని ఆపేవాడు, వెనక్కి తిప్పేవాడు, అదే కదలికను మళ్ళీ నడిపించేవాడు. పియెరో అడుగు ముందుకు వేసి, జంకి, వెనక్కి తగ్గి, మళ్ళీ ధైర్యం తెచ్చుకోవడం అంతా కొద్ది బొమ్మలతోనే సాధ్యమైంది. భయస్తుడి కథకు ఇంతకన్నా తగిన పద్ధతి లేదని నా అభిప్రాయం. తటపటాయింపు ఇక్కడ పాత్ర స్వభావం, అదే పరికరం నడక కూడా. కర్ర దెబ్బ పడే చోట విద్యుదయస్కాంతం ద్వారా చప్పుడు వినిపించే ఏర్పాటు కూడా రేనో చేశాడు. 1892లో బొమ్మకు, శబ్దానికి జోడీ కుదిర్చాడన్నమాట.

లోపాలు లేవా? ఉన్నాయి. కథ పాత మూకాభినయ సంప్రదాయం నుంచి ఉన్నదున్నట్టుగా తెచ్చుకున్నది. కొలంబీన్‌కు తలుపు తీయడం, లోపలికి పోవడం తప్ప పని లేదు. నేపథ్యం చివరిదాకా కదలదు. అయితే ఈ చివరిదాన్ని లోపమనే ముందు ఆలోచించండి. కదిలేవాటిని మాత్రమే మళ్ళీ మళ్ళీ గీసి, కదలనిదాన్ని ఒక్కసారే గీయడం పెద్ద ఆదా. ఇదే సూత్రాన్ని పారదర్శక షీట్లతో అమలు చేసే పద్ధతికి అమెరికాలో ఎర్ల్ హర్డ్ 1915లో పేటెంటు పొందాడు. ఆ తర్వాత కార్టూన్ స్టూడియోలు దశాబ్దాలపాటు దాని మీదే నడిచాయి.

ఈ రోజు మీకు కంప్యూటర్ మీద దొరికే ‘పాపం పియెరో’ సుమారు నాలుగు నిమిషాలు ఉంటుంది. అది పునరుద్ధరించినవారు పట్టీని చదివిన తీరు. స్వరలిపి ఉన్నంత మాత్రాన కచేరీ మన దగ్గర ఉన్నట్టు కాదు గదా! ఆ నాలుగు నిమిషాలు చూసి ‘కదలికలు మొరటుగా ఉన్నాయి’ అని తేల్చే విమర్శకులు స్వరలిపిని చూసి గాయకుడికి మార్కులు వేస్తున్నారు. ‘ఇది ఫోటోగ్రఫీ కాదు కాబట్టి సినిమా కాదు’ అన్న వాదనలోనూ ఇదే పొరపాటు ఉంది. కెమెరా లేకపోవడం నిజమే. కాని కెమెరా లేకపోవడం లోటని ఎవరు నిర్ణయించారు?

అసలు లోటు వేరే ఉంది. రేనో పట్టీకి నకలు తీయడం కుదరదు. ఉన్నది ఒక్కటే, అది జెలటిన్, రోజూ తిప్పితే పాడవుతుంది. వేరేచోట ప్రదర్శించడానికి ఒప్పందం అంగీకరించదు. లూమియేర్ సోదరుల ఫిల్ము మాత్రం ఎన్ని ప్రతులైనా తీసుకోవచ్చు, ఎక్కడికైనా పంపవచ్చు. అయినా రేనో 1900 వరకు నిలిచాడు. సుమారు 12,800 ప్రదర్శనలను అయిదు లక్షల మంది చూశారని లెక్క. ఆదరణ తగ్గిపోయాక, నిరాశలో తన యంత్రాన్ని పగలగొట్టి, పట్టీలలో చాలావాటిని సేన్ నదిలో పారేశాడు. ‘పాపం పియెరో’తో పాటు 1894 నాటి ‘ఓతూర్ దూన్ కబీన్’ మాత్రం మిగిలాయి. రేనో 1918 జనవరిలో చనిపోయాడు.

ఈ పాఠం పూర్తిచేసే ముందు వీలైతే ఆ నాలుగు నిమిషాల వీడియోను రెండుసార్లు చూడండి. మొదటిసారి ఉన్నది ఉన్నట్టుగా చూడండి. రెండోసారి పియెరో వచ్చిన చోట ఆపండి, వెనక్కి జరపండి, మళ్ళీ నడిపించండి. అతని భయం ఎంతసేపు ఉండాలో మీరే నిర్ణయించి, ఎందుకలా నిర్ణయించారో మీ నోట్సులో రాసుకోండి.