తెర కింద పాదాలు

రాబర్ట్ డ్రూ 1960లో తీసిన ‘ప్రైమరీ’ డాక్యుమెంటరీ గురించి ఎవరు రాసినా ఒక షాట్ దగ్గర ఆగుతారు. మిల్వాకీలో పోలిష్ వాళ్ల సభ. జాన్ కెనడీ హాల్లోకి వస్తున్నాడు. ఆల్బర్ట్ మేజిల్స్ కెమెరాని తల మీదికెత్తి పట్టుకుని, జనాన్ని తోసుకుంటూ, ఆయన వెనకాలే వేదిక దాకా వెళ్తాడు. ఇవాళ ఫోన్ ఉన్న ఎవరైనా చేసే పనే. కానీ మనిషి వెంట నడిచేంతగా కెమెరా తేలికపడటం అప్పుడప్పుడే మొదలైంది. ఆ తర్వాత వేదిక మీద జాక్వెలిన్ మాట్లాడుతుంటుంది. ముఖంలో ఏ కంగారూ లేదు. కెమెరా వెనక్కి వెళ్లి చూస్తే తొడుగులేసుకున్న చేతులు వీపు వెనకాల ఒకదాన్నొకటి నలుపుకుంటున్నాయి.

నాకు మాత్రం వీటికంటే ఎక్కువగా గుర్తుండిపోయింది పోలింగ్ రోజు సీన్. ఓటేసే చోట కెమెరా పాదాలు చూపిస్తుంది. లోపల నిలబడ్డ మనిషి ఎవరో, ఏం చేస్తున్నాడో తెలీదు. బూట్లు తెలుస్తాయి. అభ్యర్థి వీపు వెనకాలకి కూడా వెళ్లిన కెమెరా, ఓటరు దగ్గరికొచ్చేసరికి బయటే ఆగిపోయింది.

ఆ సినిమాకి పనిచేసినవాళ్లలో డి.ఎ. పెన్నెబేకర్ ఒకడు. 1992లో బిల్ క్లింటన్ ప్రచారం మీద క్రిస్ హెజెడస్‌తో కలిసి అతను తీసిందే ‘ది వార్ రూమ్’. మధ్యలో ముప్ఫై రెండేళ్లు. ఈ రెండు సినిమాలనీ వెంటవెంటనే చూస్తే, మొదటిదాంట్లో ఉన్న మనిషి రెండోదాంట్లో లేడని తెలుస్తుంది. అభ్యర్థి సంగతి కాదు నేను చెప్పేది, ఓటరు సంగతి.

ముందు ‘ప్రైమరీ’ కథ. అమెరికాలో అధ్యక్ష పదవికి పార్టీ తరఫున ఎవరు నిలబడాలో ముందు పార్టీలోనే తేలాలి. ఇప్పుడైతే రాష్ట్రాలవారీగా జరిగే ప్రైమరీ ఎన్నికల్లో ఓటర్లే తేలుస్తారు. 1960లో ప్రైమరీలు కొన్ని రాష్ట్రాల్లోనే ఉండేవి, అసలు బేరం పార్టీ పెద్దల చేతుల్లో ఉండేది. కాబట్టి విస్కాన్సిన్‌లో ఏప్రిల్ 5న జరిగింది ఒకరకంగా బలప్రదర్శన. కేథలిక్ అయిన కెనడీకి ప్రొటెస్టెంట్లు ఓటేస్తారా అన్నది పెద్దల అనుమానం. ఎదురుగా ఉన్నది హ్యూబర్ట్ హంఫ్రీ, పక్కనే ఉన్న మిన్నెసోటా సెనేటర్, రైతుల మనిషి. రాష్ట్రంలోని పది కాంగ్రెస్ జిల్లాల్లో ఆరు కెనడీకి వచ్చాయి. వచ్చినా అనుమానం తీరలేదు, కేథలిక్ ఓట్లతో గెలిచాడులే అన్నారు. తర్వాత వెస్ట్ వర్జీనియాలో కూడా ఓడాక హంఫ్రీ తప్పుకున్నాడు.

సినిమాలో హంఫ్రీ రైతులతో మాట్లాడే సీన్ ఉంది. జోకులేస్తాడు. పెద్ద నగరాలవాళ్లకి మీ గోడు పట్టదంటాడు. అంతా నిజమే కావచ్చు. కానీ కెమెరా ఆయన్ని వదిలేసి కూర్చున్నవాళ్ల మొహాల మీదికి పోతుంది. ఎండకీ చలికీ గట్టిపడ్డ మొహాలు. చప్పట్లు పలచగా పడతాయి. వాళ్లు నమ్మారా, నమ్మలేదా? సినిమా చెప్పదు. ఆ తెలియకపోవడాన్ని అలాగే వదిలేసిన ధైర్యం నాకు నచ్చింది.

డ్రూ బృందం నిష్పక్షపాతంగా ఉందని అనను. కెమెరా కెనడీతో ప్రేమలో పడింది, దాచుకోలేదు కూడా. ఒకవైపు కిక్కిరిసిన హాలు, కేరింతలు. ఇంకోవైపు కారులో కునికిపాట్లు పడుతున్న హంఫ్రీ. ఎవరు పాతకాలం మనిషో మనకి ఎడిటింగే చెప్పేస్తుంది. ఇందులో కనిపించే ఓటర్లు దాదాపు అందరూ తెల్లవాళ్లే అన్నది ఇంకో సంగతి. దక్షిణాది రాష్ట్రాల్లో నల్లవాళ్లని ఓటు దగ్గరికి రానివ్వకుండా ఆపుతున్న రోజులవి, ఓటింగ్ హక్కుల చట్టం రావడానికి ఇంకా ఐదేళ్లుంది. ఆ పాదాలు ఈ సినిమాలో లేవు.

ఇదే హంఫ్రీ 1968లో ఒక్క ప్రైమరీలోనూ పోటీ చేయకుండా డెమొక్రాట్ల అభ్యర్థి అయ్యాడు. షికాగోలో పార్టీ మహాసభ లోపల ఆయన్ని ఎన్నుకుంటుంటే బయట పోలీసులు కుర్రాళ్లని చితకబాదారు. ఆ అవమానం తర్వాతే పార్టీ నియమాలు మార్చింది, 1972 నుంచి ప్రైమరీలదే నిర్ణయం అయింది. అంటే ఓటరుకి నిజమైన బలం వచ్చింది అప్పటినుంచే. అలాంటప్పుడు 1992 నాటి సినిమాలో ఆ ఓటరు ఇంకా పెద్దగా కనబడాలి కదా.

కనబడడు. పెన్నెబేకర్‌నీ హెజెడస్‌నీ క్లింటన్ దగ్గరికి పెద్దగా రానివ్వలేదు. దాంతో లిటిల్ రాక్‌లోని ప్రచార కార్యాలయంలో, జేమ్స్ కార్విల్, జార్జ్ స్టెఫనోపులస్‌ల పక్కన మకాం వేశారు. సినిమాకి అదే కలిసొచ్చింది. కార్విల్ నోరు, ఆ సాగదీసే లూసియానా యాస, బూతులు, అవతల బుష్ ప్రచారంలో పనిచేస్తున్న మేరీ మాటలిన్‌తో ప్రేమ (ఆ మరుసటి ఏడే పెళ్లి చేసుకున్నారు) చూస్తుంటే నవలలా ఉంటుంది. బుష్ ప్రచార సామగ్రి బ్రెజిల్‌లో అచ్చవుతోందన్న కథనాన్ని టీవీలో వేయించాలని కార్విల్ పడే తంటా, అది తుస్సుమనడం, మంచి హాస్యం. చివర్లో కుర్ర సిబ్బంది ముందు మాట్లాడుతూ అతను ఏడ్చేస్తే నాకూ గొంతు పట్టేసింది.

అక్కడే నాకు పేచీ. ఇంత ముద్దొచ్చే మనుషుల మధ్య కూర్చున్నాక వాళ్లు గెలవాలనే అనిపిస్తుంది. ఎందుకు గెలవాలి అన్నది అడగం. ఓటరు ఇక్కడ సర్వేలో శాతం, సభలో గుంపు. రైతు మొహం చూసి ‘నమ్మాడా లేదా’ అని తేల్చుకోలేని ఆ ఇబ్బంది ఈ గదిలో ఎవరికీ లేదు. ఉన్నా మనకి చూపించరు.

ఆ గది బయట ఏముందో ఒక్కటి చెప్తాను. 1992 జనవరిలో, జెనిఫర్ ఫ్లవర్స్ వ్యవహారం బయటపడ్డ రోజుల్లోనే, క్లింటన్ ప్రచారం ఆపి అర్కన్సా వెళ్లాడు. గవర్నర్‌గా ఆయన రాష్ట్రంలో ఆ 24న రికీ రే రెక్టర్‌కి మరణశిక్ష అమలు చేశారు. పోలీసుని చంపి తన తలకే కాల్చుకున్నవాడు రెక్టర్. మెదడు దెబ్బతింది. ఆఖరి భోజనంలో ఇచ్చిన పీకన్ పై తర్వాత తిందామని పక్కన పెట్టుకున్నాడు. నేరాల మీద మెత్తగా ఉంటారన్న పేరు డెమొక్రాట్లకి నాలుగేళ్ల ముందే చాలా చేటు చేసింది, అందుకే క్షమాభిక్ష లేదు అని అప్పట్లో చాలామంది రాశారు. ఫ్లవర్స్ గొడవని ఎలా తట్టుకున్నారో ‘వార్ రూమ్’ చూపిస్తుంది. రెక్టర్ ప్రస్తావన లేదు. తీసినవాళ్లు దాచారని నేననను. ఎత్తుగడలు వేసేవాళ్ల భుజం మీంచి చూసే సినిమాకి, ఎత్తుగడగా చర్చకి రానిది కనబడదు, అంతే.

ఇప్పుడు ‘వార్ రూమ్’ తెలుగు పేపర్లలో కూడా మామూలు మాట. మనమూ అమెరికా ఎన్నికల రాత్రి కూర్చుని పెన్సిల్వేనియా జిల్లాల లెక్కలు మాట్లాడతాం. ఫలానా డిబేట్లో ఫలానావాడు ‘నేరేటివ్’ మార్చేశాడంటాం. నేనూ అంటాను. అది కార్విల్ భాష. అక్కడ ఓటుందో లేదో కూడా చూసుకోకుండా ప్రచార మేనేజర్లమైపోయాం.

రెండూ కలిపి దాదాపు రెండున్నర గంటలు. ‘ప్రైమరీ’ ముందు చూడండి. ‘వార్ రూమ్’ తర్వాత చూస్తే అది మరీ నెమ్మదిగా అనిపిస్తుంది. నేను మొదటిసారి అలాగే చూసి, హంఫ్రీ రైతులతో మాట్లాడుతుండగా ఆపేశాను.