ఏది విరగాలో తెలిసిన నేర్పు

యాక్సియల్ ఎస్‌సీఎక్స్10 వంటి రిమోట్ రాక్ క్రాలర్ (రాళ్లెక్కే బొమ్మ బండి) కిట్‌ను మెరుగుపరిచేవారి పనితనం ప్లాస్టిక్ తీసి లోహం బిగించడంలో లేదు, దెబ్బ ఎటు పోతుందో పసిగట్టడంలో ఉంది. రాళ్ల మధ్య ఇరుక్కున్న చక్రాన్ని తిప్పలేక సర్వో (స్టీరింగ్ తిప్పే చిన్న మోటారు) పళ్లు అరిగితే లోహపు గేర్ల సర్వో పెడతారు. అప్పుడా బలమంతా సర్వోను చక్రాలకు కలిపే స్టీరింగ్ లింకు మీద పడి, అది వంగుతుంది. దాన్నీ గట్టిపరచాలి.

అన్నీ ఉక్కువే వేస్తే సరిపోదా అనొచ్చు. సరిపోదు. పైభాగంలో బరువు పెరిగితే ఏటవాలులో బండి తిరగబడుతుంది. ఇత్తడి బరువును మాత్రం ముందు ఇరుసు దగ్గర కిందికి చేరిస్తే ముందు చక్రాలు రాయిని పట్టుకుని ఎక్కుతాయి. పైగా ఎక్కడో ఒకచోట చవకగా మార్చుకోగల భాగమే ముందు విరగాలి. లేకుంటే ఖరీదైన గేర్లు పోతాయి. కంపెనీయే ఇవన్నీ చేసివ్వొచ్చు కదా అంటే, ధర సంగతి అటుంచినా, ఒక్కొక్కరు ఎక్కించే రాళ్లు వేరు. ఆ తేడాను లెక్కగట్టే పని మెకానిక్‌దే.