కబురు ఎక్కడ ఆగింది?

2008 నవంబరులో ముంబై మీద దాడి చేసినవాళ్లు చేపల బోటులోనే వచ్చారు. పోర్‌బందర్ నుంచి వేటకెళ్లిన 'కుబేర్'ను నడిసముద్రంలో చేజిక్కించుకుని, సరంగు చేతే ముంబై దాకా నడిపించి, అతన్నీ చంపేశారు. అప్పుడూ నేవీ ఉంది, కోస్ట్ గార్డ్ ఉంది, పోలీసులున్నారు. ఎవరి హద్దు వారు కాస్తున్నారు. ఆ హద్దుల మధ్య సందులోంచే బోటు వచ్చేసింది.

అందుకే 2009లో తీరభద్రత పూచీ మొత్తం నేవీకి అప్పగించారు. ముంబై, కొచ్చి, పోర్ట్ బ్లెయిర్‌లతోపాటు మన విశాఖలోనూ జాయింట్ ఆపరేషన్స్ సెంటర్ వచ్చింది. పూచీ నేవీదే గానీ మనుషులందరూ నేవీవాళ్లు కారు. మెరైన్ పోలీసులు రాష్ట్ర ప్రభుత్వం కింద, బోట్ల రిజిస్ట్రేషన్ మత్స్యశాఖ చేతిలో, పోర్టు గేటు దగ్గర సీఐఎస్‌ఎఫ్, మరోపక్క కస్టమ్స్. అడ్మిరల్ ఆజ్ఞాపిస్తే కదిలేది ఆయన దళమే. మిగతావారిని ఒప్పించి కలుపుకోవాలి. ఈ ఊరివాడిగా నాకు యుద్ధనౌకలకన్నా గొప్పగా తోచేది ఆ ఒప్పించే ఓపికే.

2019 జనవరి నుంచి 'సీ విజిల్' పేరుతో దేశ తీరమంతా ఒకేసారి కసరత్తు జరుపుతున్నారు. కొందరు శత్రువుల్లా బోటెక్కి చొరబడాలని చూస్తారు, మిగతావారు పట్టుకోవాలి. ఎవరైనా తప్పించుకుంటే కాపలావాణ్ని తిట్టి లాభం లేదు. కబురు ఏ ఆఫీసులో ఆగిందో వెదకాలి. అసలు పని అక్కడే ఉంది.

కబురు పుట్టేది మాత్రం నీళ్ల మీదే. ఓడ ఎవరిదో తెలిపే ఏఐఎస్ పరికరం 20 మీటర్లు దాటిన బోట్లకే తప్పనిసరి. చిన్న బోటు రాడార్‌లో పేరులేని చుక్క. అది మనదా కాదా అన్నది కళాసీ కంటికి తెలుస్తుంది. 1971 డిసెంబరులో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన విశాఖ దగ్గర మునిగాక, సముద్రంలో తేలుతున్న వస్తువుల కబురు నేవీకి తెచ్చింది మత్స్యకారులే.

కబురు చెప్పడానికి వాళ్లకు 1093, 1554 ఫోన్ నంబర్లు ఇచ్చాం, గుర్తింపు కార్డులిచ్చాం. అవి చాలవు. మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకు వేట నిషేధం. ఆ బోట్లన్నీ ఫిషింగ్ హార్బర్‌లోనే కట్టి ఉంటాయి. ఆ 61 రోజుల్లో అన్ని శాఖలవాళ్లూ కలిసి జెట్టీ మీదికే వెళ్లి సరంగులతో కూర్చోవాలి. నిరుడు ఫోన్ చేసినవాళ్లకు, వాళ్లిచ్చిన కబురుతో ఏం చేశారో చెప్పాలి.