రాయని పలక: టీకాల పాఠముపై ఒక విమర్శ

మన ఉన్నత పాఠశాలలలో వ్యాధినిరోధకతను గూర్చిన పాఠము సాధారణముగా ఒకే తీరున సాగును. బలహీనపరచిన లేక చంపిన సూక్ష్మజీవిని టీకా రూపమున శరీరములోనికి పంపుదురు. శరీరము దానిని గుర్తించి ప్రతిదేహములను, అనగా యాంటీబాడీలను, తయారుచేయును. తరువాత అసలు వ్యాధి వచ్చినపుడు అవి దానిని అడ్డగించును. ఉపాధ్యాయుడు నల్లబల్లపై ఒక బొమ్మ వేసి, బాణపు గుర్తులు పెట్టి, పాఠము ముగించును. ఇందులో అబద్ధమేమియు లేదు. కాని మార్కాపురములోనో గిద్దలూరులోనో ఒక విద్యార్థి లేచి, "మా చెల్లికీ నాకూ తట్టు టీకా వేయించారు సార్. దానికి తట్టు రాలేదు, నాకు వచ్చింది. ఎందుకు సార్?" అని అడిగినచో, ఈ పాఠమునుండి జవాబు రాదు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేని పాఠము ఎక్కడ లోపించినదో పరిశీలించుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

పాఠములో దాగిన ఊహ

పలకల పేరు చెప్పగానే మార్కాపురము గుర్తునకు వచ్చును. నోటు పుస్తకములు విరివిగా రాక మునుపు ఎందరో పిల్లలు ఓనమాలు దిద్దిన పలకలు ఇక్కడి గనుల రాతితో చేసినవే. మన పాఠము శిశువు శరీరమును అట్టి కొత్త పలకగా ఊహించుచున్నది. టీకా అనునది బలపము. ఏ పలకపై రాసినను అదే అక్షరము, అంతే స్పష్టముగా పడవలెనని ఈ ఊహ చెప్పును. అక్షరము పడనిచో పలకలో లోపమున్నదనియో, బలపము మంచిది కాదనియో అనుకొందుము.

ఈ ఊహయే పొరపాటు. టీకా వేయుటకు ముందే ఆ పలకపై తల్లి కొంత రాసియుండును. పుట్టి పెరిగిన చోటి నీరు, నేల కొంత రాసియుండును. తాతముత్తాతలనుండి వచ్చిన జన్యువులు ఆ రాతి పొరలనే వేరుగా అమర్చియుండును. వీనిని ఒక్కొక్కటిగా చూతము.

తల్లి రాసిన రాత

గర్భములో ఉన్నపుడే తల్లి రక్తములోని ప్రతిదేహములు మాయ ద్వారా శిశువునకు చేరును. మొదటి నెలలలో అవి బిడ్డను కాపాడును. కాని అవే తట్టు టీకాకు అడ్డు తగులును. టీకాలోని సజీవమైన బలహీన వైరసు పెరుగకముందే తల్లి ఇచ్చిన ప్రతిదేహములు దానిని అణచివేయును. బిడ్డ శరీరము సొంతముగా నేర్చుకొనుటకు అవకాశము తగ్గును. అందుచేతనే తొమ్మిదవ నెలలో టీకా వేసినపుడు నూటికి సుమారు 85 మందిలోను, పండ్రెండు నెలలు నిండిన తరువాత వేసినపుడు నూటికి సుమారు 95 మందిలోను రక్షణ ఏర్పడును.

అట్లయిన పండ్రెండవ నెలవరకు ఆగరాదా? తట్టు తిరుగుచున్న దేశములో ఆగిన మూడు నెలలలోనే బిడ్డలు ఆ వ్యాధికి చిక్కుదురు. కాబట్టి మన దేశములో మొదటి మోతాదు 9-12 నెలల మధ్య, రెండవది 16-24 నెలల మధ్య వేయుదురు. తల్లి ప్రతిదేహములు ఎన్ని మిగిలినవో, ఎంత కాలమునకు తరుగునో బిడ్డ బిడ్డకును మారును. పైన ప్రశ్న అడిగిన విద్యార్థి మొదటి మోతాదుతో నేర్చుకొనని పదునైదు మందిలో ఒకడై, రెండవ మోతాదు తప్పించుకొన్నవాడై ఉండవచ్చును. అది అతని బలహీనత కాదు.

ఇక్కడ మరియొక మాటను కూడ విమర్శింపవలెను. తట్టు టీకా రెండవ మోతాదును బలము పెంచు మోతాదని పిల్లలకు చెప్పుచుందుము. దాని ముఖ్య ప్రయోజనము అది కాదు. మొదటిసారి స్పందింపని వారికి రెండవ అవకాశమిచ్చుటయే దాని పని. 2017 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో తొమ్మిది నెలలనుండి పదునైదేండ్ల లోపు పిల్లలందరికి, అంతకుముందు టీకా వేసికొన్నవారికి కూడ, తట్టు-రుబెల్లా టీకా వేసినది ఇందుకే. ఎవరి పలకపై అక్షరము పడలేదో బయటికి తెలియదు. అందువలన అందరికి మరల రాసిరి.

నీరు, నేల రాసిన రాత

నోటి చుక్కలుగా ఇచ్చు టీకాలలో ఈ భేదము ఇంకను స్పష్టముగా కనబడును. పోలియో చుక్కలు సంపన్న దేశముల పిల్లలలో మూడు మోతాదులతోనే దాదాపు అందరికి రక్షణ నిచ్చినవి. అదే చుక్కలు మన దేశములో అంతగా పనిచేయుట లేదని వేలూరు వైద్య కళాశాలకు చెందిన డాక్టర్ టి. జేకబ్ జాన్ 1970 దశకములోనే చూపిరి. మన పిల్లలకు పోలియో చుక్కలు అన్నిసార్లు వేయవలసి వచ్చుటకు ఇది ఒక ప్రధాన కారణము.

రోటావైరసు టీకా కథయు ఇట్టిదే. ఈ వైరసు చంటిబిడ్డలలో తీవ్రమైన నీళ్ల విరేచనములు కలిగించును. హైదరాబాదులోని భారత్ బయోటెక్ సంస్థ తయారుచేసిన రోటావాక్ అను చుక్కల మందును ఢిల్లీ, పుణే, వేలూరులలో సుమారు 6,800 మంది శిశువులలో పరీక్షించి 2014లో ఫలితములు ప్రకటించిరి. తీవ్రమైన వ్యాధినుండి రక్షణ సుమారు 55 శాతము. ఐరోపాలో ఇట్టి టీకాలు 85 శాతమునకు పైగా రక్షణనిచ్చినవి. అట్లని మన టీకా నాసిరకమని చెప్పరాదు. విదేశీ టీకాలు కూడ పేద దేశములలో ఇదే విధముగ తగ్గిన ఫలితము నిచ్చినవి.

వేలూరు, ఆఫ్రికాలోని మలావీ, ఇంగ్లండులోని లివర్‌పూల్ శిశువులను ఒకే టీకాతో పోల్చిన పరిశోధన 2021లో వెలువడినది. తల్లినుండి వచ్చిన ప్రతిదేహములు ఎక్కువగా ఉన్న శిశువులలోను, పేగులలోని సూక్ష్మజీవుల రకములు ఎక్కువగా ఉన్న శిశువులలోను స్పందన తక్కువగా నుండెనని అది తెలిపినది. అయితే కారణము కొంత తెలిసినంత మాత్రమున చికిత్స దొరకదు. పేగులలోని సూక్ష్మజీవులను మందుతో తగ్గించినచో పోలియో చుక్కలు బాగుగ పనిచేయునేమోనని వేలూరు ప్రాంతములో శిశువులకు అజిత్రోమైసిన్ ఇచ్చి చూచిరి. రోగకారక బాక్టీరియా తగ్గినవి గాని టీకా స్పందన పెరుగలేదు. ఆ ఫలితము 2016లో ప్రకటింపబడినది.

రాతిలోని పొరలు

ఇక జన్యువుల మాట. హెపటైటిస్-బి టీకా మూడు మోతాదులు వేసికొన్న ఆరోగ్యవంతులైన పెద్దలలో నూటికి అయిదునుండి పదిమందికి రక్షణకు చాలినన్ని ప్రతిదేహములు ఏర్పడవు. సూక్ష్మజీవి తునకలను తెల్ల రక్తకణములకు పట్టి చూపు అణువులు హెచ్.ఎల్.ఏ. అను జన్యువులనుబట్టి మనిషి మనిషికిని మారును. కొందరి అణువులు ఈ టీకాలోని తునకలను సరిగా పట్టి చూపలేవు. నలుబదేండ్లు దాటుట, పొగత్రాగుట, స్థూలకాయము కూడ స్పందనను తగ్గించును. సూదిని భుజమునకు గాక పిరుదునకు వేసినను ఫలితము తగ్గును; అక్కడి క్రొవ్వులో మందు నిలిచిపోవుటయే ఇందుకు కారణమని భావింతురు.

జన్యువుల పాత్ర ఎంత అని కవలలను పోల్చి కొలిచిరి. ఆఫ్రికాలోని గాంబియాలో శిశువులైన కవలలను పరీక్షింపగా, హెపటైటిస్-బి టీకా స్పందనలోని భేదమునకు దాదాపు మూడువంతులు జన్యువులే కారణమని 2004లో తేలినది. ధనుర్వాతపు టీకా విషయమున ఆ పాత్ర సగముకన్న తక్కువ. కాని 2015లో వెలువడిన మరియొక కవలల పరిశోధనలో, ఫ్లూ టీకాకు స్పందనలో జన్యువుల పాత్ర దాదాపు కనబడలేదు. జీవితములో అంతకుముందు తగిలిన వైరసులే నిర్ణాయకములని తోచినది. కాబట్టి "అంతయు పుట్టుకతో వచ్చును" అనుటయు, "అంతయు తిండిలోనే ఉన్నది" అనుటయు రెండును తొందరపాటు మాటలే. ఏ టీకా, ఏ వయస్సు అని మొదట అడుగవలెను.

బలపము పట్టు విధము

మందు ఎంత ఇచ్చిరనునది ఒక్కటే ముఖ్యము కాదు. ఎక్కడ, ఎప్పుడు ఇచ్చిరనునది కూడ ముఖ్యమే. దీనికి మన తెలుగునాటనే చక్కని నిదర్శనమున్నది. 2016లో హైదరాబాదు మురుగునీటిలో రెండవ రకపు పోలియో వైరసు, టీకానుండి మార్పుచెందినది, కనబడినది. సూదితో ఇచ్చు పోలియో టీకా అప్పుడు ప్రపంచమంతట కొరతగా నుండెను. పూర్తి మోతాదు కండరములో వేయుటకు మారుగా, దానిలో అయిదవ వంతు, అనగా 0.1 మిల్లీలీటరు, చర్మపు పొరలలో వేయు పద్ధతిని ఆ జూన్ నెలలో హైదరాబాదు పిల్లల విషయమున పాటించిరి. క్యూబా, బంగ్లాదేశ్ పరిశోధనలు అంతకుముందే ఇట్టి రెండు చిన్న మోతాదులు ఒక పూర్తి మోతాదుకన్న ఎక్కువమందిలో స్పందన కలిగించునని చూపియుండెను. ప్రతిజనకమును పట్టి చూపు కణములు చర్మములో దట్టముగా నుండుటయే ఇందులోని రహస్యము. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలు 2016లోనే ఈ పద్ధతిని చేపట్టినవి. 2023నుండి దేశములో తొమ్మిదవ నెలలో మూడవ చిన్న మోతాదును కూడ చేర్చిరి.

టీకాయే పాడగుటను దీనితో కలుపరాదు. పడమటి ప్రకాశములో వేసవి ఎండ 40 డిగ్రీలు దాటును. అట్టి దినములలో నల్లమల అంచునగల చెంచు గూడెమునకు కూడ టీకాను 2-8 డిగ్రీల మధ్యనే ఉంచి చేర్చవలెను. పోలియో చుక్కలు వేడికి చెడును; హెపటైటిస్-బి, ధనుర్వాతపు టీకాలు గడ్డకట్టినచో చెడును. మందు చెడుట వేరు, మంచి మందునకు శరీరము పలుకకుండుట వేరు. మొదటిదానికి మంచుపెట్టె జవాబు, రెండవదానికి కాదు.

ప్రతిదేహములు మార్కులు కావు

2021లో కరోనా టీకా వేసికొన్న తరువాత పలువురు ప్రయోగశాలలలో రక్తపరీక్ష చేయించుకొని, పరీక్షలలో మార్కులు పోల్చుకొన్నట్లు అంకెలు పోల్చుకొనిరి. ఎక్కువ వచ్చినవారు ధీమా పడిరి. తక్కువ వచ్చినవారు దిగులుపడిరి. టీకా తరువాత రక్షణను నిర్ణయించుటకు ఈ పరీక్షలను వాడవద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అదే సంవత్సరము మే నెలలో హెచ్చరించినది. ఒక్కొక్క పరీక్ష ఒక్కొక్క కొలబద్ద వాడును. అంతేకాక ప్రతిదేహములు తగ్గినను స్మృతి కణములు మిగిలియుండును. హెపటైటిస్-బి టీకాకు మొదట బాగుగ స్పందించినవారిలో కొన్నేండ్లకు ప్రతిదేహములు తగ్గిపోయినను రక్షణ సాధారణముగా నిలుచును.

క్షయకు వేయు బి.సి.జి. టీకా విషయమున ప్రతిదేహములు కొలిచి ప్రయోజనమే లేదు. అక్కడ కాపలా కాయునవి ప్రధానముగా టి-కణములు. మన దేశములో ఈ టీకాను మొదట వేసినది 1948లో మదనపల్లెలో. తరువాత తమిళనాడులోని చెంగల్పట్టు జిల్లాలో 1968లో మొదలైన పెద్ద పరీక్షలో పెద్దల ఊపిరితిత్తుల క్షయనుండి ఈ టీకా రక్షింపలేదని 1979లో తేలినది. బ్రిటనులోని బడిపిల్లలలో అదే టీకా బాగుగ పనిచేసియుండెను. మన నేలలో, నీటిలో ఉండు క్షయజాతి బాక్టీరియా ముందే పలకపై రాసియుండుట దీనికొక కారణమని పలువురు శాస్త్రజ్ఞుల అభిప్రాయము. అయినను పసిబిడ్డలను మెదడుపొరల క్షయనుండి కాపాడును గనుక పుట్టగానే బి.సి.జి. వేయుట మానలేదు.

రెండు తప్పు తీర్మానములు

ఈ భేదములు విన్నవారు రెండు తప్పు తీర్మానములు చేయవచ్చును. మొదటిది, వ్యాధి వచ్చిన బిడ్డను "ఒంట్లో సత్తువ లేదు" అనియు, తల్లిని "సరిగా పెంచలేదు" అనియు నిందించుట. పైన చూపిన కారణములలో తల్లి చేతిలోనున్నవి ఎన్ని? తన బిడ్డకు ఆమె ఇచ్చిన మొదటి కానుకయైన ప్రతిదేహములే టీకాకు అడ్డువచ్చినపుడు ఆమెను నిందించుట అన్యాయము.

రెండవది, "అందరికీ పనిచేయని టీకా ఎందుకు?" అనుట. ఒక చిన్న లెక్క వేయుదము. ఒక ఊరిలో వేయిమంది బిడ్డలలో పదిమందికి తీవ్రమైన విరేచనములు వచ్చుననుకొందము. 90 శాతము రక్షణనిచ్చు టీకా తొమ్మిదిమందిని కాపాడును. మరియొక ఊరిలో వేయికి నలుబది మందికి వచ్చుననుకొందము; అచ్చట 50 శాతమే పనిచేయు టీకా ఇరువదిమందిని కాపాడును. శాతము తక్కువైన చోటనే కాపాడబడిన బిడ్డలు ఎక్కువ. 2016లో రోటావైరసు టీకాను మొదట ప్రవేశపెట్టిన నాలుగు రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ నిర్ణయమును ఈ లెక్కతో చూడవలెనే గాని 55 అను అంకెతో మాత్రమే కాదు.

పోలియో దీనికి సాక్ష్యము. చుక్కలు మన పిల్లలలో తక్కువగా పనిచేయునని తెలిసి మనము వానిని వదలలేదు. మోతాదులు పెంచితిమి, టీకాలోని రకములను మార్చితిమి. దేశములో సహజ పోలియో చివరి కేసు 2011 జనవరిలో నమోదైనది; 2014 మార్చిలో మన ప్రాంతము పోలియో రహితమని ప్రకటింపబడినది.

కాబట్టి ఉపాధ్యాయులు నల్లబల్లపై వేయు బొమ్మను చెరుపనక్కరలేదు. దాని ప్రక్కన మరియొక బొమ్మ వేసిన చాలును: ఒకే టీకా, ముగ్గురు పిల్లలు, మూడు వేర్వేరు ఫలితములు. ఒక్కొక్కరి పలకపై ముందే ఏమి రాసియున్నదో విద్యార్థులనే అడుగవలెను. తమ టీకా కార్డులు ఇంట వెదకి, రెండవ మోతాదు పడినదో లేదో చూచుకొనుమని చెప్పవలెను. ఎవనికి మోతాదు మిగిలియున్నదో వానిని మాత్రమే కాదు, రెండు మోతాదులు పడినను నేర్చుకొనని ప్రక్క బిడ్డను కూడ ఆ ఒక్క సూది కాపాడును. చుట్టునున్నవారికి వ్యాధి రానిచో అది ఆ బిడ్డదాక రాదు. ప్రశ్న అడిగిన విద్యార్థికి మనమీయవలసిన పూర్తి జవాబు ఇదియే.